లిండావు ద్వీపం సైకిల్ మీద, తక్కువ ఖర్చులో: ఎక్కడ పడుకోవాలి, ఎటు తొక్కాలి?

ఉల్మ్‌లో_కొత్త:
అందరికీ నమస్కారం. ఉల్మ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. జూలై చివర్లో పరీక్షలు అయిపోతాయి, ఆ శని, ఆదివారాలు నేనూ నా రూమ్మేటూ లిండావు వెళ్దామనుకుంటున్నాం. బోడెన్‌సే సరస్సులో ద్వీపం మీద ఉన్న ఊరు, ఫొటోల్లో రేవు దగ్గర సింహం విగ్రహం, లైట్‌హౌస్ కనిపిస్తాయే, అదే. ఇద్దరికీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది, జర్మనీ అంతా రీజినల్ రైళ్ళలో తిరగడానికి వాడే నెల టికెట్. నాకు సెకండ్‌హ్యాండ్ సైకిల్ ఉంది, వాడికి లేదు. ద్వీపం మీదే గది తీసుకుని రెండు రోజులూ సైకిల్ మీద ఊరంతా తిరగాలని ప్లాన్, కానీ గదుల రేట్లు చూస్తే నోట మాట రాలేదు. ఇద్దరికీ కలిపి తిండితో సహా 120 యూరోలు దాటకూడదు. అవుతుందంటారా? సైకిల్ అద్దెకు దొరుకుతుందా?

గోదారి_గట్టు:
తమ్ముడూ, నేను పక్కనే ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో ఉద్యోగం చేస్తాను, ఎండాకాలం వస్తే వారాంతాల్లో ఆ ఒడ్డునే ఉంటాను, కాబట్టి నా మాట కొంచెం విను. ద్వీపం మీద రెండు రోజులు సైకిల్ తొక్కడానికి అక్కడ అంత నేల లేదు. మొత్తం ద్వీపం 0.68 చదరపు కిలోమీటర్లు. తాపీగా తొక్కినా కాసేపట్లో చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చేస్తావు. పైగా నడిబొడ్డున ఉన్న మాక్సిమిలియన్ వీధి నడిచేవాళ్ళది, మధ్యాహ్నం పూట అక్కడ సైకిల్ దిగి తోసుకుంటూ పోవాల్సిందే, ఎక్కి తొక్కినా ఐస్‌క్రీమ్ పట్టుకున్న జనం మధ్య ముందుకు పోలేవు.

సైకిల్ ద్వీపం కోసం కాదు, ఒడ్డు కోసం. ద్వీపాన్ని పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి కాళ్ళతో చూడు. మధ్యలో పగలంతా సరస్సు గట్టు వెంబడి తొక్కు. అలా అనుకున్నాక గది ద్వీపం మీదే ఎందుకు? యూత్ హాస్టల్ ఇవతలి ఒడ్డున రొయ్టిన్ వైపు ఉంది, టెంట్ ఉంటే ఆస్ట్రియా సరిహద్దు దగ్గర త్సెఖ్ అనే పేటలో నీళ్ళ పక్కనే క్యాంపింగ్ ఉంది. రెండు చోట్ల నుంచీ సైకిల్ మీద ద్వీపం దగ్గరే. ద్వీపానికి రెండు దారులు: ఒకటి కార్లు పోయే వంతెన, రెండోది 1850ల్లో రైలు కోసం వేసిన కట్ట, దాని పక్కన నడవడానికీ సైకిళ్ళకీ బాట ఉంది. రెండోదే బాగుంటుంది, రెండు పక్కలా నీళ్ళు, కార్ల గోల ఉండదు.

సున్నా_బ్యాలెన్స్:
120 యూరోలు ఇద్దరికీ అంటే మా గ్యాంగ్ లెక్కలో అది విలాసం బ్రో 😂
టెంట్ ఎవరిదైనా అడిగి తీసుకో. క్యాంపింగ్‌లో ఇద్దరికీ టెంటుకీ కలిపి కట్టేది హాస్టల్లో ఒక్క మంచానికి కట్టేదానికి అటూ ఇటూ ఉంటుంది. అలాగని డబ్బు మిగుల్చుదామని ఒడ్డున ఎక్కడో చెట్టు కింద టెంట్ వేయకండి, ఇక్కడ అది కుదరదు, జరిమానా పడితే గది తీసుకున్నా పోయేది అనిపిస్తుంది. హాస్టల్‌కైతే సభ్యత్వ కార్డు కావాలి, దుప్పట్లూ పొద్దున టిఫినూ అందులోనే కలిపి ఇస్తారు. రాత్రికి మనం వండుకుందామంటే మాత్రం ఇలాంటి హాస్టళ్ళలో వంటగది దొరకదు, అది నమ్ముకుని బియ్యం మోసుకెళ్ళకు.

ఇంకొకటి, అందరూ మర్చిపోయేది: ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. శనివారం సాయంత్రమే ఆదివారానికి కూడా కొనేసుకో. ద్వీపం మీద కాదు, ఇవతలి ఒడ్డున లిండావుపార్క్ అని పెద్ద షాపింగ్ సెంటర్ ఉంది, డిస్కౌంట్ దుకాణాలు కూడా ఈ వైపే. ఆదివారం పొద్దున బేకరీ ఒక్కటే దిక్కు. మేం పులిహోర డబ్బాలో పెట్టుకెళ్ళాం, మర్నాడు మధ్యాహ్నం దాకా వచ్చింది. ఖాళీ సీసాలు పారేయకు, ఒక్కో ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు వెనక్కి వస్తాయి.

వాలు_కుర్చీ:
మ్యూనిక్ నుంచి. అసలు సైకిల్ రైల్లో మోసుకెళ్ళడం ఎందుకో నాకు అర్థం కాదు. జూలైలో శనివారం పొద్దున లిండావు రైలు ఎప్పుడైనా ఎక్కారా? సైకిళ్ళ పెట్టెలో అడుగు పెట్టే సందు ఉండదు, సగం మంది ఎలక్ట్రిక్ సైకిళ్ళతో వస్తారు, ఒక్కోటి పాతిక కిలోలు. చోటు లేకపోతే ఎక్కించుకోరు, టికెట్ ఉందని వాదించినా లాభం లేదు. హాయిగా చేతులూపుకుంటూ వెళ్ళి అక్కడ అద్దెకు తీసుకోవడం మేలు. నేను పోయినప్పుడు మామూలు సైకిల్ రోజుకి 15, 20 యూరోల మధ్య చెప్పారు, బ్యాటరీదైతే దాదాపు రెట్టింపు.

ఉల్మ్‌లో_కొత్త:
అంటే నా సైకిల్‌కి టికెట్ వేరేగా కొనాలా? డాయిచ్‌లాండ్ టికెట్‌లో రాదా??

చైన్_జారింది:
రాదు. ఆ టికెట్ మనిషికే, 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు అయినా సరే సైకిల్ సంగతి అందులో లేదు. మీ ఉల్మ్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం వైపు రీజినల్ రైళ్ళలో సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 6 నుంచి 9 మధ్య తప్ప సైకిల్ ఉచితం, శని ఆదివారాలు రోజంతా ఉచితం. పక్క రాష్ట్రం బవేరియాలో అడుగు పెట్టాక సైకిల్‌కి టికెట్ తీసుకోవాలి. లిండావు బవేరియాలో ఉంది, ఉల్మ్ ఏమో ఇటు వైపు. మడిచే సైకిల్ అయితే ఎక్కడైనా సామాను కిందే లెక్క, ఆ బాధ లేదు.

వాలు_కుర్చీ గారు చెప్పిన రద్దీ నిజమే కానీ దానికి మార్గం ఉంది. ఆరు, ఏడు గంటల రైలు పట్టుకుంటే చోటు దొరుకుతుంది, పది గంటల రైలుకే ఆ తిప్పలు. మీ ఇద్దరికీ నా సలహా: ఉల్మ్ నుంచి నేరుగా లిండావు దాకా రైల్లో పోవద్దు, ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో దిగిపోండి. సైకిల్ లేని అతను అక్కడే అద్దెకు తీసుకోవచ్చు. అక్కడి నుంచి లిండావు సుమారు పాతిక కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు పెద్దగా లేవు, లాంగెన్‌ఆర్గెన్, క్రెస్‌బ్రోన్, నోనెన్‌హోర్న్, వాసర్‌బుర్గ్ వరసగా తగులుతాయి. సైకిల్ టికెట్ గొడవా ఉండదు. ద్వీపానికి సైకిల్ మీద చేరుకోవడమే అసలు మజా.

నేరుగా రైల్లోనే పోయేవాళ్ళకి ఒక మాట. లిండావులో స్టేషన్లు రెండు. ద్వీపం మీద ఉన్నది పాతది, లిండావు-ఇన్సెల్. 2020 డిసెంబర్‌లో ఇవతలి ఒడ్డున లిండావు-రొయ్టిన్ మొదలైంది, చాలా రైళ్ళు ఇప్పుడు అక్కడే ఆగిపోతాయి. సైకిల్ ఉన్నవాడికి అదేం ఇబ్బంది కాదు, పది నిమిషాల్లో ద్వీపం మీద ఉంటాడు. పెట్టెలు లాక్కుంటూ వచ్చేవాళ్ళే అవస్థ పడతారు.

నేను సరస్సు మొత్తం చుట్టాను, ఆ బాట సుమారు 260 కిలోమీటర్లు, జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మూడూ వస్తాయి. గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్తే సరస్సు ఎప్పుడూ మన కుడి చేతి పక్కనే ఉంటుంది, రోడ్డుకి అడ్డం పడే పని తక్కువ.

వాలు_కుర్చీ:
వచ్చాడండీ 260 కిలోమీటర్ల ఆయన. ఆ కుర్రాళ్ళు రెండు రోజులకి వెళ్తున్నారు బాబూ, ఫ్రాన్స్ రేసుకి కాదు.

చైన్_జారింది:
చుట్టమని నేనెక్కడ అన్నాను సార్, దిశ చెప్పాను అంతే 🙂

హైదరాబాదీ_ట్రిప్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను ఆగస్టులో హైదరాబాద్ నుంచి టూరిస్ట్ వీసా మీద వస్తున్నాను, షెంగెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకి కలిపి ఒకటే) జర్మనీ వాళ్ళు ఇచ్చారు. లిండావు నుంచి సైకిల్ మీద ఆస్ట్రియాలోకి వెళ్ళొచ్చా, వీసా సమస్య ఏమైనా వస్తుందా? సింగిల్ ఎంట్రీ అని రాసి ఉంది, అదే టెన్షన్.

గోదారి_గట్టు:
టెన్షన్ వద్దండి. సింగిల్ ఎంట్రీ అంటే షెంగెన్ మొత్తానికి ఒకసారి రావడం, లోపల దేశం నుంచి దేశానికి తిరగడం కాదు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ రెండూ షెంగెన్‌లోనే ఉన్నాయి. కానీ పాస్‌పోర్ట్ ఒరిజినల్ మాత్రం సంచిలో ఉండాలి, ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. ఈమధ్య జర్మనీ వాళ్ళు సరిహద్దుల్లో తనిఖీలు చేస్తున్నారు, మన రంగు చూసి ఆపుతారా అంటే ఒక్కోసారి ఆపుతారు, కాగితాలు ఉంటే నిమిషంలో పంపేస్తారు. ఇక్కడ చదువుకునే పిల్లలు కూడా రెసిడెన్స్ కార్డుతో పాటు పాస్‌పోర్ట్ పెట్టుకోండి.

ద్వీపం నుంచి బ్రెగెంజ్ సుమారు పది కిలోమీటర్లు. మధ్యలో లైబ్లాఖ్ అనే చిన్న ఏరు, దాని మీద వంతెన దాటితే ఆస్ట్రియా. నేలమీద సరిహద్దు ఇంత స్పష్టంగా ఉంది కదా, నీళ్ళ మీద మాత్రం ఈ పెద్ద భాగంలో ఏది ఎవరిదో మూడు దేశాలూ కలిసి ఇప్పటికీ ఒప్పందం రాసుకోలేదు. ఎవరికీ దానివల్ల ఇబ్బంది లేదు. మన దగ్గర పొలం గట్టు జానెడు జరిగితే కోర్టుకెక్కుతాం 😀

ఫోన్ సంగతి: జర్మనీ సిమ్ ఆస్ట్రియాలో మామూలుగానే పనిచేస్తుంది, యూరోపియన్ యూనియన్ కాబట్టి. స్విట్జర్లాండ్ అందులో లేదు. ఒడ్డున నిలబడితే ఎదుటి గట్టు నుంచి స్విస్ సిగ్నల్ పట్టేసుకుంటుంది, ప్లాన్‌లో లేకపోతే డేటాకి వాతలు పడతాయి. నెట్‌వర్క్ ఆటోమేటిక్ తీసేసి చేత్తో పెట్టుకోండి.

ఆవకాయ_ఎక్స్‌ప్రెస్:
స్టుట్‌గార్ట్ నుంచి మేం పిల్లలతో వెళ్తూ ఉంటాం, కాబట్టి నా లెక్క వేరు. బ్రెగెంజ్ వైపు బాట బాగుంటుంది కానీ ఎండాకాలం ఆదివారం అది తిరునాళ్ళే, పిల్లలు అటూ ఇటూ వంకర్లు తొక్కితే వెనక గంటలు మోగుతూనే ఉంటాయి. మాకు పడమటి వైపే నచ్చింది. ద్వీపం నుంచి వాసర్‌బుర్గ్ ఆరేడు కిలోమీటర్లు, ఆపిల్ తోటల మధ్య నుంచి. అది కూడా ఒకప్పుడు ద్వీపమే, 1720లో కట్ట వేసి ఒడ్డుకి కలిపారు, ఇప్పుడు చూస్తే నీళ్ళలోకి పొడుచుకొచ్చిన నాలుక అంతే, చివరన ఉల్లిపాయ ఆకారం గోపురంతో చర్చి. జనం లిండావులో ఉన్నంత ఉండరు. ఇంకొంచెం ముందుకి పోతే నోనెన్‌హోర్న్, ద్రాక్షతోటలు. తోటల పక్కన రైతులు గూట్లో పళ్ళు పెట్టి డబ్బాలో డబ్బు వేయమని వదిలేస్తారు, చిల్లర ఉంచుకోండి.

నీళ్ళ ఖర్చు పెట్టుకోకండి, కుళాయి నీళ్ళు తాగొచ్చు. మా స్టుట్‌గార్ట్‌లో ఇళ్ళకి వచ్చేదే ఈ సరస్సు నీరు, సుమారు 40 లక్షల మందికి గొట్టాల్లో వెళ్తుంది, అందుకే సరస్సుని అంత జాగ్రత్తగా చూసుకుంటారు. ఈత కొట్టాలంటే జూలై, ఆగస్టులే మంచిది.

ఈతకి దిగేవాళ్ళు, పడవ అద్దెకి తీసుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: ఒడ్డున అక్కడక్కడా నారింజ రంగు దీపాలు ఉంటాయి. నిమిషానికి 40 సార్లు మెరిస్తే బలమైన గాలి రావచ్చని, 90 సార్లు మెరిస్తే తుఫాను వస్తోందని అర్థం. ఎండ కాస్తుంటే ఎవరూ నమ్మరు, కానీ ఈ సరస్సు మీద గాలి చెప్పకుండా మారుతుంది. సైకిల్ మీద ఉన్నా ఆ 90 మెరుపులు కనిపిస్తే చెట్ల కింద ఆగకుండా ఏదైనా ఊళ్ళోకి చేరిపోండి.

సున్నా_బ్యాలెన్స్:
అక్కా చేపల గురించి చెప్పలేదు మీరు. ఫెల్షెన్ అని ఈ సరస్సు చేప ఫేమస్ కదా, ఒక్కసారైనా తినాలని ఉంది, పర్సు ఒప్పుకుంటే.

వాలు_కుర్చీ:
పర్సు ఒప్పుకున్నా సరస్సు ఒప్పుకోదు. ఆ చేప బాగా తగ్గిపోయిందని 2024 నుంచి మూడేళ్ళు పట్టకూడదని నిషేధం పెట్టారు. మెనూలో కనిపిస్తే అది వేరే చోటి నుంచి తెచ్చిందే అయి ఉంటుంది. అంత డబ్బు పెట్టి బయటి చేప తినేబదులు చీజ్ వేసిన ష్పెట్స్‌లే (ఇక్కడి నూడుల్స్ లాంటివి) తినండి, కడుపు నిండుతుంది, శాకాహారం కూడా. అది కూడా రేవు పక్కన వద్దు, రెండు సందులు లోపలికి పోతే బిల్లులో తేడా కనిపిస్తుంది.

ఉల్మ్‌లో_కొత్త:
అందరికీ చాలా థాంక్స్, ప్లాన్ మొత్తం మారిపోయింది. సీనియర్ ఒకాయన టెంట్ ఇస్తానన్నాడు. శనివారం పొద్దున్నే ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో దిగి, వాడికి అక్కడే సైకిల్ అద్దెకు తీసుకుని, వాసర్‌బుర్గ్ మీదుగా లిండావు. రాత్రికి క్యాంపింగ్. ఆదివారం బ్రెగెంజ్ వెళ్ళి, కేబుల్ కారెక్కి ప్ఫెండర్ కొండ, తిరిగి లిండావు ద్వీపం చూసి ఇంటికి. సరిగ్గా ఉందా?

గోదారి_గట్టు:
దాదాపు సరే, రెండు మార్పులు చెయ్. మొదటిది, ద్వీపాన్ని ఆదివారం మధ్యాహ్నానికి నెట్టకు, అది అన్నిటికన్నా చెడ్డ సమయం. శనివారం క్యాంపింగ్‌లో టెంట్ వేసేసి ఏడింటికి వెనక్కి ద్వీపానికి రా. అప్పటికి పగటి జనం రైళ్ళెక్కి పోతారు. పడమటి కొసన హింటెరె ఇన్సెల్ అనే చోటు ఉంది, రైల్వే వాళ్ళ పట్టాలూ పార్కింగూ ఉండే జాగా, 2021లో అక్కడ పూలతోటల ప్రదర్శన పెట్టి ఆ తర్వాత పార్కుగా ఉంచేశారు. సూర్యాస్తమయం అక్కడి నుంచి, పైసా ఖర్చు లేదు. ఆదివారం పొద్దున ఏడింటికి పాత ఊరు, పాత రాతౌస్ (టౌన్ హాల్) గోడల మీద బొమ్మలు, 15వ శతాబ్దపు కట్టడం అది, 1496లో జర్మన్ చక్రవర్తి కాలపు పెద్ద సభ ఈ ఊళ్ళోనే జరిగింది. దొంగల బురుజు పక్కన పేతురు చర్చి ఉంటుంది, లోపల గోడల మీద పాత చిత్రాలు చూడు, టికెట్ లేదు.

రెండోది, ప్ఫెండర్. 1,064 మీటర్లు, పైనుంచి సరస్సు మొత్తం, ద్వీపం కూడా కనిపిస్తుంది, కానీ కేబుల్ కారుకి మీ బడ్జెట్‌లో పెద్ద ముక్క పోతుంది. కాళ్ళుంటే నడిచి ఎక్కొచ్చు. లేదంటే దాన్ని వదిలేసి ఆ డబ్బుతో బ్రెగెంజ్ నుంచి లిండావుకి పడవలో రండి, సైకిల్‌కి కొంచెం ఎక్స్‌ట్రా తీసుకుంటారు. మా కోనసీమలో పంటు మీద సైకిల్ ఎక్కించి గోదావరి దాటినట్టే, కాకపోతే ఇక్కడ మనల్ని చూసి ఎవరూ మేకని పక్కకి లాగరు. పడవే ఎందుకంటే, రేవు వాకిట్లో ఆ 6 మీటర్ల సింహం సరస్సు వైపు చూస్తూ కూర్చుంది, ఊళ్ళోంచి చూసేవాళ్ళకి వీపే కనిపిస్తుంది. నీళ్ళ మీద నుంచి వస్తేనే దాని ముఖమూ ఎదురుగా 33 మీటర్ల లైట్‌హౌసూ కలిపి కనిపిస్తాయి. రెండూ 1856 నాటివి.

చైన్_జారింది:
ఒక విషయం. ద్వీపం మీదే సైకిల్ తొక్కాలన్న కోరిక బలంగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, లిండావు కాదు, రైఖెనావు వెళ్ళండి. ఇదే సరస్సులో పడమటి చివర, కోన్‌స్టాన్స్ దగ్గర. నాలుగు చదరపు కిలోమీటర్లకి పైనే ఉంటుంది, ఒడ్డు నుంచి చెట్ల వరస మధ్య కట్ట మీదుగా తొక్కుకుంటూ పోవచ్చు, లోపల కూరగాయల తోటలు, గాజు షెడ్లు, మూడు పాత చర్చిలు. 2000లో యునెస్కో జాబితాలో చేరింది. లిండావులో దొరకని నేల అక్కడ దొరుకుతుంది. దాని పక్క మైనావు మాత్రం వేరు కథ, పూలద్వీపం, ప్రవేశ టికెట్టే బాగా ఎక్కువ, సైకిల్ బయట పెట్టి వెళ్ళాలి.

వాలు_కుర్చీ:
రైఖెనావులో సాయంత్రం ఆరు తర్వాత ఏం చేస్తారు? క్యాబేజీలు లెక్కపెడతారా?

ఆవకాయ_ఎక్స్‌ప్రెస్:
మాకు క్యాబేజీలే నచ్చాయి 😂 పిల్లలకి కార్ల భయం లేదు. కానీ వీళ్ళు కుర్రాళ్ళు కదా, లిండావే కరెక్ట్.

హైదరాబాదీ_ట్రిప్:
గోదారి_గట్టు గారూ, జూన్ చివర్లో అయితే ఎలా ఉంటుంది? నా ఆఫీసు సెలవలు అటు మారేలా ఉన్నాయి.

గోదారి_గట్టు:
జూన్ చివరా జూలై మొదలూ అయితే ముందు తేదీలు చూసుకోండి. 1951 నుంచి ప్రతి ఏడాదీ నోబెల్ బహుమతి వచ్చినవాళ్ళు, యువ శాస్త్రవేత్తలు కలిసే సమావేశం ఇదే ద్వీపం మీద జరుగుతుంది, మామూలుగా ఆ రోజుల్లోనే. మన దేశం నుంచి కూడా పరిశోధక విద్యార్థులు వస్తుంటారు. ఆ వారం ద్వీపం మీద గదుల సంగతి అడగక్కర్లేదు. అది దాటించండి, లేదా వాసర్‌బుర్గ్ వైపు బస చేయండి.

అద్దె సైకిల్ తీసుకునేటప్పుడు తాళం ఇస్తున్నారో లేదో చూడండి, దీపాలు వెలుగుతున్నాయో లేదో కూడా. చీకటి పడ్డాక దీపం లేకుండా తొక్కితే పోలీసులు ఆపుతారు. తొక్కుతూ ఫోన్ చేతిలో పట్టుకుంటే 55 యూరోలు జరిమానా, మ్యాప్ చూడాలన్నా ఆగి చూడండి.

ఉల్మ్‌లో_కొత్త:
చివరి ప్రశ్న. ఆదివారం వాన పడితే ఏం చేయాలి? టెంట్‌లో కూర్చోవడం తప్ప ఇంకేమైనా ఉందా?

ఆవకాయ_ఎక్స్‌ప్రెస్:
ఎలాగూ అద్దె సైకిల్ ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో ఇచ్చేయాలి కదా, రైలెక్కి అక్కడికే పొండి, మీ టికెట్లు చెల్లుతాయి, సైకిళ్ళకి మాత్రం టికెట్ కొనండి. దుకాణం ఆదివారం తెరుస్తారో లేదో శనివారమే అడిగి ఉంచుకోండి. జెప్పెలిన్ మ్యూజియం పాత రేవు స్టేషన్ భవనంలోనే ఉంది, హాఫెన్ స్టేషన్లో దిగితే గొడుగు తీయక్కర్లేదు. మొదటి జెప్పెలిన్ ఎయిర్‌షిప్ (గ్యాస్ నింపిన పెద్ద గాలి ఓడ) 1900 జూలై 2న ఆ ఊరి పక్కన సరస్సు మీదే ఎగిరింది. హిండెన్‌బుర్గ్ ఎయిర్‌షిప్‌లో ఒక భాగాన్ని నిజం సైజులో మళ్ళీ కట్టి పెట్టారు, లోపలికి ఎక్కి పడక గదులు చూడొచ్చు. విద్యార్థి కార్డు మర్చిపోకండి, తగ్గింపు ఉంటుంది.